నదీగర్భానికి స్వామి ఎవరు? ఆనకట్టలు, అధికారం, న్యాసధర్మం

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలో ఎ.కొండూరు మండలం కలదు. ఆ నేలపై మహానది ఏదీ ప్రవహించదు. వర్షాకాలంలో పొంగి, వేసవిలో ఇసుకమేటలుగా మిగిలే వాగులు, పూర్వికులు త్రవ్వించిన చెరువులు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరిభాగాన అందే నీరు, ఇవే అక్కడి సేద్యానికి ఆధారం. ఆ మండలంలోని తండాలలో అనేకులు మూత్రపిండ వ్యాధులకు గురియైనారు. త్రాగుతున్న భూగర్భజలమే హేతువై ఉండవచ్చునని అనుమానం కలిగినందున, గొట్టాల ద్వారా కృష్ణాజలాన్ని తండాలకు చేర్చే యత్నం ఆరంభమైనది. కృష్ణ ఆ గ్రామాలకు కంటికి కనబడని దూరంలో ఉన్నది. అయినను ఆ గ్రామాల ప్రాణం కృష్ణతో ముడివడి ఉన్నది.

ఆ కృష్ణకు చేరవలసిన జలంలో కొంత భాగం సహ్యాద్రి శిఖరాల మీదనే నిలిచిపోతున్నది. అక్కడ ఒక ప్రైవేటు సంస్థ నిర్మించిన ఆనకట్టలు ఒక శతాబ్దానికి పైగా ఆ నీటిని విద్యుత్తు కొరకు పశ్చిమ సముద్రం వైపునకు మళ్ళిస్తున్నాయి. ఇచ్చట ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ఆనకట్ట కట్టినవాడు దానికి యజమాని కావచ్చును. కాని ఆ కట్ట క్రింద పరచుకొనియున్న నదీగర్భం, అనగా ఆ ఇసుక, ఆ శిల, ఆ ప్రవాహమార్గం ఎవరిది? కట్టినవానిదా? గట్టున భూమి గలవానిదా? రాజుదా? లేక ఎవరిదీ కాదా? ఈ ప్రశ్న న్యాయస్థానాలలో పుట్టినది కాదు. మన దర్శనకారులు దీనిని యజ్ఞవేదిక వద్దనే విచారించియున్నారు.

మీమాంసకుల విచారణ

విశ్వజిత్ అనే యాగంలో యజమాని తన సర్వస్వాన్ని దక్షిణగా సమర్పించవలెను. ఆ యాగాన్ని చక్రవర్తి ఆచరించినచో, తాను పాలించే భూమండలాన్ని కూడ ఋత్విక్కులకు దానం చేయవచ్చునా? జైమిని మహర్షి పూర్వమీమాంస ఆరవ అధ్యాయం ఏడవ పాదంలో ఈ సంశయాన్ని ఎత్తి, చేయరాదని నిర్ణయించెను. భూమి సర్వప్రాణులకు సమానమైనది. దానితో ఒకరికి గల సంబంధం వేరొకరికి గల సంబంధం కంటె విశిష్టమైనది కాదు. కనుక అది ఎవని సర్వస్వంలోనూ చేరదు. చేరనిదానిని ఇచ్చుట ఎట్లు?

శబరస్వామి తన భాష్యంలో ఈ తర్కాన్ని మరింత విశదం చేసెను. పొలం యజమానికి తన పొలంపై స్వామ్యం కలదు. రాజుకు గలది అట్టి స్వామ్యం కాదు. పంటలను, ప్రజలను రక్షించుట, ఆ రక్షణకు ప్రతిఫలంగా ఒక భాగాన్ని గ్రహించుట, ఇంతవరకే రాజు అధికారం. సాధకులు గమనింపవలసిన భేదం ఇదియే: స్వామ్యం వేరు, పాలనం వేరు. స్వామి తన వస్తువును అమ్మగలడు, ఇయ్యగలడు, నశింపజేయగలడు. పాలకుడు వీనిలో ఏదీ చేయజాలడు. అతడు కాపాడవలసినవాడు మాత్రమే.

ఇది ఒక్కటే మన సంప్రదాయమని చెప్పుట సత్యం కాదు. అర్థశాస్త్ర దృష్టి భిన్నమైనది. కౌటిల్యుడు సేతుబంధాలలోని చేపలు, తెప్పలు, కూరగాయల వర్తకంపై హక్కు రాజుదని చెప్పెను. నీటిని వాడుకొనే విధానాన్ని బట్టి ఉదకభాగం వసూలు చేయవలెనని విధించెను. అదే సమయంలో, నూతనంగా చెరువు కట్టించినవానికి ఐదేండ్లు, శిథిలమైనదానిని పునరుద్ధరించినవానికి నాలుగేండ్లు పన్ను మినహాయింపు కూడ ఇచ్చెను. వాడుకలో లేని సేతువుపై ఐదేండ్ల తరువాత స్వామ్యం తొలగిపోవునని, ఆపదల వలన విడిచిన సందర్భం దీనికి మినహాయింపు అని నియమించెను. అనగా ఆ దృష్టిలో కూడ కట్టడంపై హక్కు శాశ్వతం కాదు. వినియోగం ఉన్నంతవరకే అది నిలుచును.

ఉత్సర్గం: కట్టినవాడు విడిచిపెట్టుట

ధర్మశాస్త్రాలు జలాశయ నిర్మాణాన్ని పూర్తకర్మలలో చేర్చినాయి. నిర్మాణం పూర్తియైనంత మాత్రాన ఆ కర్మ ముగియదు, ఉత్సర్గం జరుగవలెను. కర్త ఆ జలాన్ని సర్వభూతాలకు సమర్పించి, తన స్వామ్యాన్ని విడిచిపెట్టును. అటు తరువాత అతడు ఆ నీటిలో స్నానం చేయవచ్చును, ఆ నీటిని త్రాగవచ్చును. అయితే యజమానిగా కాదు, అందరిలో ఒకనిగా. తెలుగుదేశంలో సప్తసంతానాలలో తటాకాన్ని చేర్చినది ఈ భావంతోనే. సంతానం మనది అయినను మన ఆస్తి కాదు గదా!

దీనికి శిలాసాక్ష్యం కడప జిల్లా పోరుమామిళ్ళలో కలదు. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ నిర్మించిన తటాకానికి సంబంధించిన సంస్కృత శాసనం 1369 నాటిది. రెండు సంవత్సరాలు, ప్రతిదినం వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు ఆ శాసనం చెప్పుచున్నది. మంచి తటాకానికి పండ్రెండు అంగాలను, ఆరు దోషాలను అది లెక్కించినది. ఆరు దోషాలలో ఒకటి గమనింపదగినది: రెండు రాజ్యాల సరిహద్దున జలాశయం ఉండుట. ఉప్పునేల, నీరు కారే కట్ట ఎంత దోషమో, ఇద్దరు ప్రభువుల నడుమ నీటిని నిలుపుట కూడ అంత దోషమని ఆ కాలపు జలశాస్త్రజ్ఞులు గ్రహించిరి.

చెరువును కట్టినవానికి, మరమ్మతు చేసినవానికి ప్రతిఫలం లేకపోలేదు. రాయలసీమలో దశబంధం అనే ఇనాము పద్ధతి ఉండెడిది. చెరువు క్రింద సాగయ్యే భూమిలో కొంత భాగం వానికి లభించెడిది. అయితే ఆ ప్రతిఫలం పంటభూమి రూపంలో లభించినదే గాని, వాగుపై యాజమాన్య రూపంలో కాదు.

కంపెనీ కట్టిన ఆనకట్ట

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ క్రమం మారినది. ధవళేశ్వరం ఆనకట్టతో గోదావరి డెల్టాను సస్యశ్యామలం చేసిన సర్ ఆర్థర్ కాటన్ కృషి ఫలించిన తరువాత, నీటిపారుదలలో లాభం కలదనే విశ్వాసం లండన్ ధనికులలో కలిగినది. 1858లో అక్కడ మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడినది. పది లక్షల పౌండ్ల మూలధనంపై సాలీనా ఐదు శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చినది. లాభం వచ్చినచో వాటాదారులకు, నష్టం వచ్చినచో భారత ప్రజల ఖజానాకు అన్నది ఆ హామీ యొక్క ఆచరణలోని అర్థం.

ఆ కంపెనీ కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్రపై ఆనకట్ట నిర్మించి, అచ్చటినుండి కడప వరకు సుమారు 305 కిలోమీటర్ల కాలువను త్రవ్వించినది. అదే నేటి కె.సి.కెనాల్. మూలధనం చాలలేదు, ప్రభుత్వమే మరల అప్పు ఇచ్చినది. 1870ల ఆరంభానికి కాలువ సిద్ధమైనను, నల్లరేగడి భూముల రైతులు ఆశించినంతగా నీరు తీసికొనలేదు. ఆ నేల వానకే పండే మెట్టపైరులకు అనువైనది. వర్షాభావ సంవత్సరాలలో మాత్రమే వారు కాలువను ఆశ్రయించిరి. కంపెనీకి వడ్డీ వచ్చుచుండెను గాని కాలువకు ఆదాయం లేదు. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ నిర్మాణాలను కొనివేసినది.

ఈ కథలో నదీగర్భం ఎక్కడ ఉన్నది? సుంకేసుల వద్ద తుంగభద్ర నాడు రెండు రాజ్యాల హద్దు. దక్షిణ తీరం మద్రాసు ప్రభుత్వానిది, ఉత్తర తీరం నిజాం రాజ్యానిది. తనకు లేనిదానిని ఎవ్వరూ ఇయ్యజాలరన్న న్యాయం ప్రకారం, మద్రాసు ప్రభుత్వం ఆ కంపెనీకి నదిని ఇచ్చే అవకాశమే లేదు. ఇచ్చినది వినియోగానుమతి. కంపెనీ నిష్క్రమించినప్పుడు చేతులు మారినది రాయి, సున్నం, కాలువగట్లు. నది మాత్రం కంపెనీకి పూర్వం ఎట్లున్నదో, తరువాత కూడ అట్లే ప్రవహించినది.

పోరుమామిళ్ళ శాసనం చెప్పిన సరిహద్దు దోషం మాత్రం తొలగలేదు. తుంగభద్ర జలాలపై మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు 1944లో ఒడంబడిక చేసికొనవలసి వచ్చినది. అటు తరువాత బచావత్ ట్రిబ్యునల్ కె.సి.కెనాల్‌కు 39.9 టి.ఎం.సి.లు కేటాయించినది. పాత ఆనకట్ట స్థానంలో నేడు బ్యారేజీ నిలిచియున్నది. దాని ఒక ఒడ్డు ఆంధ్రప్రదేశ్, రెండవ ఒడ్డు తెలంగాణ. ప్రభువులు మారిరి, పేర్లు మారినాయి, హద్దు మారలేదు.

ఉర్లాం వ్యాజ్యం: ఒడంబడిక యొక్క బలం

ఆంగ్లేయుల న్యాయం తనతోపాటు మరొక సిద్ధాంతాన్ని తెచ్చినది. ఆటుపోట్లు గల నదీభాగంలో గర్భం రాజుది. అవి లేని భాగంలో ఇరుగట్ల భూస్వాములది, చెరిసగం ప్రవాహమధ్యం వరకు. ఏడాది పొడవునా నిండుగా ప్రవహించే ఇంగ్లండు నదులకు ఇది సరిపోవచ్చును. ఎండకాలంలో మైలు వెడల్పు ఇసుకగాను, ఆషాఢంలో సముద్రంగాను మారే మన నదులకు ఆ మధ్యరేఖను ఎక్కడ గీయవలెను?

ఈ సంశయం శ్రీకాకుళం ప్రాంతంలోని వంశధార తీరాన వ్యాజ్యంగా మారినది. 1865 నాటి మద్రాసు నీటితీరువా చట్టం, ప్రభుత్వానికి చెందిన నది నుండి గాని, ప్రభుత్వం నిర్మించిన కాలువ నుండి గాని నీరు వాడుకొన్నచో పన్ను విధించినది. ఉర్లాం జమీందారీ వారు తమ కాలువల ద్వారా వంశధార నీటిని పూర్వం నుండి వాడుకొనుచుండిరి. పూర్వపు మామూలు మాగాణికి మించి సాగుచేసిన భూమికి తీరువా చెల్లింపవలెనని ప్రభుత్వం కోరినది. నది ప్రభుత్వానికి 'చెందినది' అనుటకు అర్థమేమి? నదీగర్భంపై స్వామ్యమా, నీటిపై అధికారమా? మద్రాసు హైకోర్టు ప్రభుత్వపక్షాన నిలిచినది. 1917లో ప్రీవీ కౌన్సిల్ జమీందారు పక్షాన తీర్పు చెప్పినది. శాశ్వత పరిష్కారం నాడు ఉన్న కాలువల ద్వారా నీరు తీసికొనే హక్కు ఆనాటి ఒడంబడికలోనే ఇమిడియున్నదని, కాబట్టి వేరుగా తీరువా లేదని నిర్ణయించినది.

ఈ తీర్పు జమీందారును నదికి స్వామిగా చేయలేదు. ప్రభుత్వం తాను పూర్వం ఇచ్చిన మాటకు తానే బద్ధమని మాత్రం చెప్పినది. ధర్మదృష్టిలో ఇది చిన్న విషయం కాదు. పాలకుని అధికారం కూడ సత్యవాక్కుకు లోబడినదే.

ఆ తీర్పుకు పూర్వమే, 1905 నాటి మద్రాసు భూఆక్రమణ చట్టం నదులు, వాగులు, చెరువుల గర్భాలు, కాలువలు, నిలిచిన నీరు, పారే నీరు సర్వం ప్రభుత్వ ఆస్తియని ప్రకటించినది. జమీందారులు, ఇనాందారులు మొదలైనవారికి స్వామ్యం ఉన్న భాగాలను మాత్రం మినహాయించినది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ మినహాయింపులో ముఖ్యభాగం కూడ అంతరించినది. రద్దయిన ఎస్టేట్లలోని నదులు, వాగులు, చెరువులు, లంకభూములు, రేవులు ప్రభుత్వానికి సంక్రమించినాయి. నేడు గ్రామ లెక్కలలో 'వాగు పోరంబోకు' అని కనబడే మాట వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

సహ్యాద్రి నుండి కృష్ణ వరకు

ఇక మొదట ప్రస్తావించిన సహ్యాద్రి ఆనకట్టల విషయం. టాటా సంస్థలు పశ్చిమ కనుమలపై ఇంద్రాయణి, ముల మొదలైన ఏరుల లోయలలో జలాశయాలు నిర్మించి, ఆ నీటిని కొండల పశ్చిమపార్శ్వాన దింపి విద్యుత్తు ఉత్పత్తి చేసినాయి. ఖోపోలీ కేంద్రం 1915లో ఆరంభమైనది. ముల నదిపై ముల్షీ ఆనకట్ట నిర్మాణానికి వ్యతిరేకంగా 1921 నుండి సేనాపతి బాపట్ నాయకత్వాన రైతులు సత్యాగ్రహం చేసిరి. ఆనకట్టల వలన నిర్వాసితులైనవారి తొలి మహోద్యమాలలో అది ఒకటి. వారి పొలాలు భూసేకరణ చట్టం ద్వారా తీసికొనబడినాయి, లోయ మునిగినది.

అయితే పొలం కొనవచ్చును గాని ఏరును కొనవచ్చునా? బొంబాయి రాష్ట్రంలో 1879 నాటి రెవెన్యూ కోడ్, ఇతరులకు స్వామ్యం ఉన్నట్లు ఋజువు కాని నదీగర్భాలన్నీ ప్రభుత్వానివేనని అప్పటికే ప్రకటించియున్నది. ఆ ఏరులు భీమలో కలియవలసినవి. భీమ కృష్ణలో కలియును. కృష్ణ శ్రీశైల మల్లికార్జునుని పాదాలను తాకి నాగార్జునసాగరం చేరును. అచ్చటి ఎడమ కాలువ ఎ.కొండూరు వైపు సాగును. కావుననే కృష్ణా జలవివాదాన్ని విచారించిన బచావత్ ట్రిబ్యునల్ ఈ ప్రైవేటు మళ్ళింపును కూడ లెక్కలోనికి తీసికొని, దానికి పరిమితిని నిర్ణయించినది. ఆనకట్ట సంస్థదే కావచ్చును. కాని దాని తలుపు ఎంత తెరువవలెనో నిర్ణయించుటలో దిగువనున్న కోట్లాది జనుల హక్కు కూడ లెక్కకు వచ్చునని దీని భావం.

అమెరికాలోని ఒక నిదర్శనం

ఇదే ప్రశ్న ఇరవై ఒకటవ శతాబ్దంలో అమెరికాలో సూటిగా తలెత్తినది. మాంటానా రాష్ట్రంలో మిస్సోరి, మాడిసన్, క్లార్క్ ఫోర్క్ నదులపై ఒక ప్రైవేటు విద్యుత్ సంస్థ ఆనకట్టలు నడుపుచుండెను. ఆనకట్టల క్రింది నదీగర్భం మాది, కనుక అద్దె చెల్లించుడని రాష్ట్ర ప్రభుత్వం న్యాయస్థానంలో వాదించినది. అక్కడి న్యాయస్థానాలు సుమారు నాలుగు కోట్ల డాలర్ల బకాయి విధించినాయి. 2012 ఫిబ్రవరి 22న అమెరికా సుప్రీంకోర్టు దానిని ఏకగ్రీవంగా త్రోసిపుచ్చినది.

ఆ కోర్టు తర్కం ఇది. 1889లో మాంటానా రాష్ట్రంగా ఏర్పడిన నాటికి నౌకాయానానికి యోగ్యమైన నదీభాగాల గర్భమే రాష్ట్రానికి సంక్రమించును; ఆ యోగ్యతను నది మొత్తానికి కాక ఖండఖండాలుగా పరిశీలింపవలెను. మిస్సోరిపై మహాజలపాతాల వద్ద 1805లో లూయిస్, క్లార్క్ అన్వేషకులు పడవలను నేలమీద మోసికొనిపోవలసి వచ్చినది. పడవ సాగని చోట రాష్ట్రానికి స్వామ్యం లేదు! రెండు శతాబ్దాల క్రిందట ఒక పడవ నీటిపై నడిచినదా, మనుషుల భుజాలపై నడిచినదా అన్నది నేటి అద్దెకు ప్రమాణమైనది. అయితే అదే తీర్పు మరొక మాట కూడ చెప్పినది. ప్రజాన్యాస సిద్ధాంతం వేరు, నదీగర్భ స్వామ్యం వేరు. మొదటిది రాష్ట్రాల న్యాయానికి చెందిన విషయం. స్వామ్యం లేనంత మాత్రాన ప్రజలకొరకు నీటిని కాపాడే కర్తవ్యం తొలగిపోదు. శబరస్వామి చెప్పిన భేదమే, సముద్రాలకు ఆవల, మరొక భాషలో!

న్యాసధర్మం

భారత సుప్రీంకోర్టు ఈ మార్గంలో మరికొంత ముందుకు సాగినది. హిమాచల్‌లో బియాస్ నదీతీరాన ఒక వసతిగృహ సంస్థ ప్రవాహమార్గాన్ని మార్చుటకు పూనుకొనిన వ్యవహారంలో, ఎం.సి.మెహతా–కమల్‌నాథ్ కేసులో 1996లో తీర్పు వెలువడినది. నదులు, అడవులు, సముద్రతీరాలు మొదలైన ప్రకృతిసంపదలకు ప్రభుత్వం న్యాసధారి, అనగా ధర్మకర్త మాత్రమేనని, వానిని ప్రైవేటు స్వామ్యంగా మార్చే అధికారం దానికి లేదని న్యాయస్థానం నిర్ణయించినది. 2018 ఫిబ్రవరిలో కావేరీ తీర్పు, అంతర్రాష్ట్ర నదీజలం జాతీయ సంపద, ఏ ఒక్క రాష్ట్రమూ దానికి ఏకైక స్వామి కాదని పలికినది. ప్రవహించే నీరు సర్వులకు సాధారణమని ప్రాచీన రోమన్ న్యాయగ్రంథాలు కూడ చెప్పినాయి. ఆ మాట నుండియే పాశ్చాత్యుల ప్రజాన్యాస సిద్ధాంతం పెరిగినది. విశ్వజిద్యాగ సందర్భంలో పుట్టిన తర్కం, రోమక న్యాయవేత్తల తర్కం వేర్వేరు దారులలో వచ్చి ఒకేచోట కలిసినాయి.

ఇక ఆరంభంలోని ప్రశ్నకు సమాధానం స్పష్టమగుచున్నది. చట్టం దృష్టిలో నేడు ఆంధ్ర, తెలంగాణ నేలలపై నదీగర్భం ప్రభుత్వానిది. ఆనకట్ట ఎవరిదైనను కావచ్చును. అనుమతి, కౌలు, ఒప్పందం ఎంతకాలమైనను ఉండవచ్చును. క్రింది నేల మాత్రం కట్టినవానిది కాదు. ధర్మం దృష్టిలో ప్రభుత్వానిది అనుట కూడ అర్ధసత్యమే. అది ప్రభుత్వం చేతిలో ఉన్నది, ప్రభుత్వానిది కాదు. గుడి ధర్మకర్త దేవుని నగలను భద్రపరచును గాని ధరింపడు గదా! ఆ నగలు పోయినచో మాత్రం జవాబు చెప్పవలసినవాడు అతడే. ఇసుకను మితిమీరి అమ్ముకొనుట, వాగు పోరంబోకును ఆక్రమణకు విడిచిపెట్టుట, ఎగువ వానికి అనుమతి ఇచ్చి దిగువ వానిని మరచుట, ఇవన్నీ న్యాసద్రోహాలే. పాత తటాకపు నీటిని అపహరించినవానికి, నీరు వచ్చే త్రోవను అడ్డగించినవానికి మనుస్మృతి దండన విధించినది ఈ కారణం చేతనే.

ఈ విచారణ న్యాయవాదులకు మాత్రమే పరిమితం కాదు. పుష్కరాలలో తుంగభద్రలో, కృష్ణలో మునిగిన ప్రతి భక్తుడు ఆ నదిని తల్లియని పిలిచియున్నాడు. తల్లికి యజమాని ఉండడు. సేవకులు, సంరక్షకులు మాత్రమే ఉందురు. దేహం విషయంలో కూడ వేదాంతం మనకు బోధించేది ఇదియే: ఇది నాది అను అభిమానం బంధహేతువు, ఇది నాకు అప్పగింపబడినది అను బుద్ధి కర్తవ్యహేతువు. నదీగర్భం విషయంలో ఒక జాతి ఈ రెండవ బుద్ధిని అలవరచుకొన్ననాడు, ఎక్కడో సహ్యాద్రిపై కురిసిన వాన ఎ.కొండూరు తండాలోని ఒక గ్లాసులోనికి నిర్మలంగా చేరవలెనన్నది ఎవరి దయాదాక్షిణ్యాల విషయం కాక, ధర్మకర్త తీర్చవలసిన ఋణమగును.

స్వస్తి.